డివైడర్ మీద తంగేడు వద్దు

బతుకమ్మ దగ్గర పడిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో రెండు ఫొటోలు తిరగడం మొదలవుతుంది. ఒకదాంట్లో హైవే డివైడర్ మీద బారులు తీరిన గులాబీ రంగు గన్నేరు. రెండోదాంట్లో ఏదో చెలక గట్టు మీద విరగబూసిన తంగేడు. కింద కోపంగా ఒక ప్రశ్న: రాష్ట్ర పుష్పం ఉండగా ఈ విషపు చెట్టుకు ట్యాంకర్ నీళ్ళు పోసి పెంచడమేంటి? ఆ వెనకే డిమాండు: గన్నేరు పీకేయండి, తంగేడు నాటండి. కిందటేడు ఒక మిత్రుడు దీన్నే అర్జీగా రాసి, సంతకం పెట్టమని పంపాడు. పెట్టలేదు. "నువ్వసలు నల్లగొండోడివేనారా?" అన్నాడు.

నల్లగొండోణ్ణే. అందుకే పెట్టలేదు. తంగేడు మీద ప్రేమున్నవాడు దాన్ని తీసుకెళ్ళి నాలుగు వరసల ట్రాఫిక్ నడుమ నిలబెట్టమని అడగడు. అక్కడ నిలబడాల్సింది గన్నేరే. తంగేడుకు అన్యాయం జరుగుతున్నది వేరే చోట. ఆ చోటు పేరు ఏ అర్జీలోనూ కనబడదు.

పైపైన చూస్తే రెండూ ఒక తీరు చెట్లే. మనిషెత్తు పెరిగే పొదలు, వదిలేస్తే ఇంకాస్త పోతాయి. రెండింటికీ ఎండంటే లెక్కలేదు, నీళ్ళ ఆశ తక్కువ. పశువు రెండింటి జోలికీ పెద్దగా పోదు. పోలిక అంతవరకే.

గన్నేరుది అపోసైనేసీ కుటుంబం. జిల్లేడు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు దాని చుట్టాలు. విషమూ మందూ ఒకే ఇంట్లో కాపురముండే వంశం ఇది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు ఆకు నుంచే వచ్చింది. అసలు గన్నేరు మధ్యధరా తీరం నుంచి ఇరాన్ మీదుగా మన పశ్చిమ హిమాలయాల వైపు దాకా ఎండిన వాగుల ఒడ్డున సొంతంగా పెరుగుతుంది. మన పెరళ్ళలోకి ఎప్పుడో వచ్చేసింది. శివుడికి పెట్టే పువ్వు కనక పరాయిదని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు అనుకోవడం కూడా దండగే.

తంగేడు చిక్కుడు కుటుంబంలోది. రేల చెట్టుకు బాగా దగ్గర. 1753లో లిన్నేయస్ దీన్ని రేలతో కలిపి కాసియా ప్రజాతిలో పెట్టాడు. కాకినాడ పక్కన సామర్లకోటలో ఏళ్ళ తరబడి తోట పెంచి, మన తీరపు మొక్కలను ఒక్కొక్కటీ రాయించి, బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ తర్వాత దీన్ని సెన్నాలోకి మార్చాడు. సెన్నా ఆరిక్యులేటా అన్న ఇప్పటి శాస్త్రీయ నామం వెనక ఆయన పేరు అలాగే ఉంది. దక్షిణ భారతం, శ్రీలంకల్లోని పొడి నేలలు దీని సొంతిల్లు. ఎర్రనేల, రాతినేల, చౌడు, ఏదైనా సరే.

ఇక పువ్వుల సంగతి. నా వాదమంతా నిజానికి ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి.

తంగేడు పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. అంచులు ముడతలు పడిన అయిదు పసుపు రెక్కలు, వాటి మీద నారింజ రంగు ఈనెలు. లోపల పది కేసరాలు, కానీ పది ఒకలాంటివి కావు. పైన మూడు వట్టివి, పుప్పొడి ఉండదు. నడుమ కొన్ని పొట్టివి. కింద పొడుగ్గా, కొడవలిలా వంగినవి. ఈ కేసరాల పుప్పొడి తిత్తులు మామూలు పువ్వుల్లోలాగా నిలువునా పగలవు. కొసన చిన్న రంధ్రం ఉంటుంది, అంతే. ఆ రంధ్రంలోంచి పుప్పొడి బయటికి రావాలంటే ఎవరో పట్టుకుని ఊపాలి. ఆ పని తుమ్మెదది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును కాళ్ళతో బిగించి పట్టుకుని, రెక్కలు కదపకుండానే రొమ్ము కండరాలతో ఝుమ్మని కంపిస్తుంది. పుప్పొడి ఉప్పులా రాలుతుంది. పొట్టి కేసరాల పొడి తుమ్మెదకు తిండి. పొడుగు కేసరాల పొడి దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. అందులో ఇంకో తమాషా ఉంది: ఒకే చెట్టు మీద కొన్ని పువ్వుల్లో కీలం ఎడమకు వంగి ఉంటుంది, కొన్నింట్లో కుడికి. తుమ్మెదకు కుడి పక్కన అంటిన పుప్పొడి ఇంకో తీరు పువ్వులో సరిగ్గా దిగాల్సిన చోట దిగుతుంది. తేనెటీగలకు ఈ ఊపే విద్య రాదు. అవి వచ్చి రాలినది ఏరుకుంటాయి.

పువ్వులో తేనె లేదు గానీ, చెట్టు చీమలకు మాత్రం కొంత పెట్టింది. ఆకు ఈనె మీద రెక్కల జత జతకూ నడుమ సన్నటి మొలకలాంటి గ్రంథి ఒకటి నిలబడి ఉంటుంది. అందులో తీపి ఊరుతుంది. తంగేడు మీద ఎప్పుడూ చీమలు తిరగడానికి కారణం అదే. పసుపు పచ్చని, తెల్లని వలస సీతాకోకచిలుకలు ఈ జాతి చెట్ల ఆకుల మీదే గుడ్లు పెడతాయి. ఒక్క తంగేడు పొద అంటే చిన్న ఊరు.

గన్నేరు పువ్వు దీనికి పూర్తిగా ఎదురు. అయిదు రెక్కలూ ఒకే వైపుకు తిరిగిన గాలిపంకా ఆకారం, గొంతులో జూలులాంటి అలంకారం, చక్కటి వాసన. లోపలికి పోతే తేనె లేదు. పుప్పొడి కూడా తినడానికి దొరకదు. కేసరాలన్నీ కలిసి శంకువులా మూసుకుని కీలాగ్రానికి అతుక్కుని ఉంటాయి. రంగూ వాసనా చూసి వచ్చిన పురుగు వట్టి చేతులతో తిరిగిపోతుంది. మోసపోయిన పురుగు రెండోసారి తొందరగా రాదు. తోటలోని గన్నేరుకు కాయ తక్కువ పట్టడానికి ఇది ఒక కారణం. మనం కొమ్మ గుచ్చి పెంచుతాం కాబట్టి దానికి ఆ దిగులు లేదు.

ఇప్పుడు చెప్పండి, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో లారీలు పోయే రెండు దారుల మధ్య ఏది నాటాలి? పొద్దున్నుంచి తుమ్మెదలనూ ఈగలనూ సీతాకోకలనూ పిలిచి పొట్ట నింపే చెట్టా, పిలిచినా ఏమీ పెట్టని చెట్టా? విందు పెట్టే చెట్టును డివైడర్ మీద పెడితే వచ్చిన చుట్టాలంతా బంపర్లకు, అద్దాలకు అంటుకుంటారు. గన్నేరు పిసినారితనం అక్కడ పుణ్యమే చేస్తోంది.

గన్నేరు మీద జీవమే లేదని అనుకోవద్దు. నల్లటి రెక్కల అంచున తెల్లచుక్కలుండే కామన్ క్రో సీతాకోకచిలుక దాని ఆకు మీదే పెరుగుతుంది. వెండి పూత పూసినట్టు మెరిసే దాని ప్యూపా ఆకు కింద వేలాడుతుంటే చూడటానికి భలే ఉంటుంది. ఆకుపచ్చ సైనిక దుస్తుల రంగులో ఉండే పెద్ద డేగచిమ్మట కూడా ఈ ఆకులే తింటుంది. కాబట్టి డివైడర్ మీద గన్నేరు వల్ల ఒక్క సీతాకోక కూడా చావదని నేను ఒట్టేసి చెప్పను. తంగేడు పెడితే చచ్చేవి అంతకన్నా ఎక్కువ అంటాను.

రోడ్డు వాళ్ళకు పురుగుల లెక్క పట్టదు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఎదురొచ్చే బండి హెడ్‌లైటు కంట్లో కొట్టకూడదు. దానికి ఏడాది పొడుగునా ఆకు రాలని, దట్టమైన, కత్తిరింపుకు తట్టుకునే పొద కావాలి. గన్నేరు మొదలు నుంచే కొమ్మలు వేస్తుంది, ఆకు దళసరి. పొగ, దుమ్ము, కింద కాలిపోయే కాంక్రీటు అన్నీ భరిస్తుంది. ఎలా భరిస్తుందో డిగ్రీలో బోటనీ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్రాక్టికల్స్‌లో ఎడారి మొక్కల లక్షణాలకు గన్నేరు ఆకునే అడ్డంగా కోయించేవారు. పైచర్మం ఒక పొర కాదు, కొన్ని పొరలు. పత్రరంధ్రాలు ఆకు అడుగున గుంటల్లో దాక్కుని, ఆ గుంటల నిండా నూగు. నీరు ఆవిరై పోవడానికి దారే ఇరుకు. తంగేడుకూ కరువు తట్టుకునే శక్తి ఉంది గానీ, దాని ఆకు చింతాకులా సన్నరెక్కలు. కొమ్మలు పలచగా, తలో దిక్కుకు పోతాయి. లైటు వాటి సందుల్లోంచి వచ్చేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటి, ఇది ఇంజనీర్ల పుస్తకాల్లో ఉండదు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తెలంగాణలో తంగేడు కనబడితే జనం ఆగరా? డివైడర్ నిండా పూసిన తంగేడు ఉందనుకోండి. పొద్దు పొడవకముందే చీకట్లో, సంచులు పట్టుకుని, పిల్లలను వెంటేసుకుని రోడ్డు దాటే ఆడవాళ్ళను ఊహించుకోండి. రాష్ట్ర పుష్పాన్ని గౌరవించబోయి పండగ పూట యాక్సిడెంట్లను నాటినట్టవుతుంది. గన్నేరును ఎవరూ బతుకమ్మ కోసం బండి ఆపి కొయ్యరు. మా మిత్రుడు అర్జీ వెనక్కి తీసుకోలేదు గానీ, ఈ ముక్క విన్నాక కాసేపు ఏమీ అనలేదు.

గన్నేరును ఇంత వెనకేసుకొచ్చాను కాబట్టి దాని మీద నా ఫిర్యాదులూ చెప్పాలి. మొదటిది, అది నిజంగానే విషం. వేరు, ఆకు, పువ్వు, కాండం ఏదీ మినహాయింపు కాదు. అందులోని ఓలియాండ్రిన్ గుండె కండరాల మీద పనిచేసి లయ తప్పిస్తుంది. ఒక పశువు ప్రాణం పోవడానికి కొన్ని పదుల గ్రాముల ఆకు చాలు. పచ్చి ఆకు చేదుకి పశువు వదిలేస్తుంది. కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండి గడ్డిలో కలిస్తే మాత్రం తెలియక తినేస్తుంది, ఎండినా విషం పోదు. డివైడర్లు ట్రిమ్ చేసిన కొమ్మలను రోడ్డు పక్క గడ్డిలో గుట్టలు పోసి వెళ్ళిపోవడం నేను చాలాసార్లు చూశాను. అర్జీ రాయాల్సింది దీని మీద. 2024 ఏప్రిల్ చివర్లో కేరళలో ఒక యువతి చనిపోయినప్పుడు గన్నేరు ఆకు నమలడమే కారణమన్న అనుమానం వచ్చింది. మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఆ పువ్వు వాడొద్దని ఆదేశించింది. పూజకు, దండకు అడ్డు చెప్పలేదు. తెలివైన గీత అది. నోటి దగ్గరికి రాకుండా చూసుకుంటే చాలు. బడి ఆవరణలో, పిల్లల పార్కులో గన్నేరు నాటడం మాత్రం నాకు ఏ రకంగానూ మింగుడుపడదు. ఇక గన్నేరు పప్పు అని ఊళ్ళలో భయంగా చెప్పుకునేది వేరే చెట్టుది, పచ్చగన్నేరుది. కుటుంబం ఒకటే, గుణమూ ఒకటే. శ్రీలంక ఉత్తర ప్రాంతంలో 1980ల నుంచి ఆ గింజ ఎంతమందిని పొట్టన పెట్టుకుందో వైద్య పత్రికల నిండా ఉంది.

రెండో ఫిర్యాదు, గన్నేరు ఒక్కటే కిలోమీటర్ల కొద్దీ ఉండటం. కాలిఫోర్నియాలో కూడా హైవేల నడుమ గన్నేరే పెంచారు. 1990లలో జైలెల్లా అనే బ్యాక్టీరియా రసం పీల్చే పురుగుల వెంట వచ్చి ఆకులు మాడ్చేసింది, మందు లేదు. అన్నీ కొమ్మ గుచ్చి పెంచినవే కాబట్టి ఒకదానికి సోకింది పక్కదానికి సోకక తప్పదు. నడుమ నడుమ కాగితం పూలో ఇంకేదో కలపడం పెద్ద ఖర్చు కాదు. కోనోకార్పస్ మొక్కను చూసైనా నేర్చుకోవాలి. పచ్చగా కనబడుతోందని ఊరూరా నాటారు, గుజరాత్ 2023లో నిషేధించింది, మన దగ్గరా నాటిన చేతులే నరికాయి.

గన్నేరు సంగతి ఇంతే. తంగేడు దగ్గరికొద్దాం.

2014లో కొత్త రాష్ట్రం పాలపిట్ట, జింక, జమ్మితో పాటు తంగేడును తన గుర్తుగా ప్రకటించింది. అంతకు ముందు తంగేడుకు పేరు లేక కాదు, పని లేకా కాదు. దాని బెరడులో తోలు పదునుచేసే టానిన్లు దండిగా ఉంటాయి. ఊరి చివర లందల్లో, అంటే తోలు నానేసే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి మాదిగలు తోలును నానబెట్టి పదునుచేసేవారు. మోట బొక్కెన, చెప్పు, డప్పు, అన్నీ ఆ చెక్క మీద ఆధారపడ్డవే. ఆ పనితనం మీదే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పదును తోళ్ళు ఇంగ్లండుకు ఓడల్లో వెళ్ళాయి. తర్వాత తోలు పదునుకు దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చింది, క్రోమియం వచ్చింది, తంగేడు చెక్కను అడిగేవాడు లేకుండా పోయాడు. వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కిన ఆకు కూడా అదే. జిల్లేడు, కానుగ, తంగేడు మోపులు కట్టి తెచ్చి మడిలో పరిచి తొక్కడం మా నాన్న తరం దాకా చేసిన పని. యూరియా బస్తా వచ్చాక ఆ మోపూ పోయింది. శ్రీలంకలో దీని పువ్వు ఎండబెట్టి రణవర పేరుతో టీ కాచుకుంటారు. తమిళులు భోగి నాడు వేపరెబ్బ, పిండిపువ్వుతో కలిపి ఇంటి చూరుకు కడతారు. ఆవారం, అంటే తంగేడు, పూసిన చోట చావు ఉండదని వాళ్ళ సామెత. షుగర్ తగ్గుతుందని మన దగ్గర అమ్మే పొడుల మీద నాకు అంత నమ్మకం లేదు, డాక్టరు రాసిచ్చిన గోలీ మానకండి.

అంటే ఒకప్పుడు తంగేడును కాపాడింది దాని అవసరం. నరికేవాళ్ళే దాన్ని ఉంచేవాళ్ళు. ఇప్పుడు ఏడాదికి తొమ్మిది రోజులు తప్ప దానితో ఎవరికీ పని లేదు. దాని చోటుతో మాత్రం అందరికీ పని పడింది. చెరువు కట్ట, ఊరి పశువులు మేసే బంచరాయి, గుట్ట వాలు, చెలక గట్టు, బండ్ల బాట అంచు. తంగేడు ఉండేది వీటి మీద. గట్టు అంటే ఇప్పుడు గడ్డిమందు కొట్టే చోటు. గుట్ట అంటే క్రషర్. బంచరాయి అంటే వెంచర్, కాకుంటే ఇంకేదో సర్కారు కట్టడం. హైదరాబాదులోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశంలోని బంజరు భూముల అట్లాసు తయారుచేస్తుంది, 2019లో కూడా ఒకటి వచ్చింది. అందులో పొదలున్న నేల అంతా వేస్ట్‌లాండ్ లెక్కలోకే వెళ్తుంది. దట్టమైన పొదలు ఒక గడి, పలచని పొదలు ఇంకో గడి. తంగేడు, పరికి, బలుసు, రేగు ఉన్న చోటు కాగితం మీద ఖాళీ జాగా. రాష్ట్ర పుష్పం నివాసం ప్రభుత్వ లెక్కలో పనికిరాని భూమి! దీని ముందు డివైడర్ మీద ఏ మొక్క ఉందన్నది ఎంత చిన్న సంగతో చూడండి.

మా ఊళ్ళో పార్కు ఇలాగే వచ్చింది. చెరువు వెనక ఎకరం నేల, నిండా తంగేడు, మధ్యమధ్య పరికి కంప. మా పెద్దమ్మ బతుకమ్మకు అక్కడికే పోయేది. జేసీబీ పెట్టి ఒక పూటలో చదును చేశారు, ముగ్గు పోసి గుంతలు తీశారు, మొక్కలు నాటి బోర్డు పెట్టారు. నాటినవాటిలో టెకోమా ఉంది, గన్నేరు ఉంది, తంగేడు లేదు. పచ్చదనం కోసం పచ్చదనాన్ని గీకేశారని అంటే అక్కడున్న పెద్దమనిషి నవ్వి, "అదంతా పిచ్చిచెట్లు కదా బిడ్డా" అన్నాడు. ఆయన దసరాకు ఇంటి ముందు పేర్చే పెద్ద బతుకమ్మలో అడుగు వరస ఆ పిచ్చిచెట్టు పువ్వే. ఇప్పుడు మా పెద్దమ్మ ఆటోలో మండల కేంద్రానికి పోయి కట్టలు కొనుక్కొస్తోంది. అమ్మేవాళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో అడిగితే ప్రతి ఏడూ ఇంకాస్త దూరం ఊరి పేరు చెప్తున్నారట.

నర్సరీలో దొరుకుతుందేమోనని విజయవాడ రోడ్డు మీద ఒక చోట అడిగాను. మొక్కలన్నీ కడియం నుంచి లారీల్లో దిగినవే, గన్నేరులోనే తెలుపు, ఎరుపు, గులాబీ, ముద్దపువ్వు అన్నీ ఉన్నాయి. "తంగేడా? అది కొనేదేంది సార్, ఊరికి పోతే గట్టు మీద ఉంటది" అన్నాడు. తప్పేం లేదు, అడిగేవాడుంటే పెంచుతాడు. గన్నేరు కొమ్మ గుచ్చితే కొద్ది వారాల్లో అమ్మకానికి వస్తుంది. తంగేడు గింజ నుంచే రావాలి, తల్లివేరు తొందరగా కిందికి దిగుతుంది, కవర్లో ఎక్కువ కాలం ఉంచితే చుట్టుకుపోతుంది. నర్సరీ వ్యాపారానికి లొంగే రకం కాదు.

అందుకే మొక్కలు నాటించమని అడగడం కన్నా ఉన్నవాటిని చదును చెయ్యొద్దని అడగడం మేలంటాను. గ్రామసభలో తీర్మానానికి పెట్టదగ్గ సంగతులు ఇవి: చెరువు కట్ట బయటి వాలును, బంచరాయిలో ఒక మూలను గీకకుండా ఉంచడం, దసరా దాటేదాకా బాట అంచుల్లో గడ్డిమందు కొట్టకపోవడం, పార్కు కట్టే ముందు ఆ నేల మీద అప్పటికే ఏముందో పేర్లు రాయడం. బతుకమ్మ పేర్చే చేతులకు ఆ పేర్లన్నీ తెలుసు, అధికారి అడిగితే చాలు. ఇందులో పైసా ఖర్చు లేదు. బోర్డు పెట్టి ఫొటో దిగే వీలు కూడా లేదు, బహుశా చిక్కంతా అక్కడే.

పోయిన చోట మళ్ళీ రావాలంటే గింజ చల్లుకోవచ్చు. చలికాలంలో కాయలు ఎండి కాగితంలా గలగలమంటున్నప్పుడు కోసి దాచుకోవాలి. పూలన్నీ బతుకమ్మకే తెంపేస్తే కాయలుండవు కాబట్టి పొదకు కొన్ని గుత్తులు వదలాలి. గింజ పెంకు గట్టిది. మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక గింజలు వేసి రాత్రంతా వదిలేస్తే ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని ఇసుకలో వేసి రుద్దితే సరిపోతుంది. మృగశిరలో తొలి వాన పడ్డాక గట్టు మీద వేలు లోతు గీత గీసి చల్లడమే, ఎరువు వద్దు. ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు కాయలు తెచ్చుకుంటాను. ఎవరికైనా కావాలంటే ముందే చెప్పండి, అర్జీ పంపిన మిత్రుడికి ఒక పొట్లం పక్కన పెట్టాక మిగిలినవి ఇస్తాను.